విజిల్ ఊదేదాకా

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది నేను పెనుకొండలో ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ స్కూలుకు మా నాయనే హెడ్మాస్టరు. మాది హిందూపురం పక్కన ఒక పల్లె. మా ఇంటివాళ్ళలో సేద్యం వదిలి ఉద్యోగంలోకి వచ్చిన మొదటి మనిషి ఆయన. మేముండే ఇల్లు స్కూలు వెనకే, ప్రహరీ గోడను ఆనుకుని ఉండేది. గోడలో చిన్న తలుపు. పొద్దున ఆ తలుపులోంచి అటు వెళ్ళేదాన్ని, సాయంత్రం ఇటు వచ్చేదాన్ని. ఇంట్లో నాయన అనాలి, స్కూల్లో సార్ అనాలి. గోడకు రెండు వైపులా ఆయనే.

మా అన్న అప్పటికి పట్టాళంలో ఉన్నాడు. ఎస్సెల్సీ రెండోసారి తప్పినప్పుడు నాయన అన్నను వాకిట్లో నిలబెట్టి, "ఊరందరి పిల్లోళ్ళకీ చదువు చెప్తాండా. నువ్వు నా కండ్ల ముందర తిరగొద్దు. యాడికన్నా పో" అన్నాడు.  అన్న అనంతపురంలో పట్టాళానికి మనుషుల్ని తీసుకుంటున్నారని విని పోయి చేరాడు. పెనుకొండ స్టేషన్లో రైలెక్కిస్తున్నప్పుడు నాయన అన్న భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో ఆగి, గొడుగును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. అన్న కిటికీలోంచి నన్ను చూసి నవ్వాడు. ఆ తర్వాత నేను అన్నను చూడలేదు.

యుద్ధం మొదలయ్యాక మా స్కూల్లోనూ ఒకరోజు ప్రార్థన అవగానే, ప్రాణాలిచ్చిన జవాన్ల కోసం అందరం ఒక నిమిషం మౌనంగా నిలబడాలని చెప్పారు. మాకది కొత్త. డ్రిల్లు మాస్టరు విజిల్ ఊదాడు. అంతమంది పిల్లలం ఒక్కసారిగా నోళ్ళు మూసుకునేసరికి, ఎప్పుడూ వినబడనివన్నీ వినబడ్డాయి. కొండ మీద మేకల మెడగంటలు, బజారులో ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడు. ఎవరికో నవ్వొచ్చి ముక్కులోంచి గాలి వదిలారు. మళ్ళీ విజిల్ మోగింది. అయిపోయింది. తరగతుల్లోకి వెళ్ళేటప్పుడు ఒకరి ముఖాలొకరం చూసుకుని నవ్వుకున్నాం.

ఆ వారంలోనే పట్టాళం నుంచి తంతి వచ్చింది. నాయన దాన్ని స్కూల్లోనే చదువుకుని, జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు అమ్మతో చెప్పాడు.

"ఉండాడంట. యాడుండాడో తెలీదంట."

అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగింది. "ఉండాడంటనే కదా?" అంది.

"ఆచూకీ తెలీదని రాసినారు. లేడని రాయలేదు."

 అమ్మ ఏడవలేదు. ఏడిస్తే లేడని ఒప్పుకున్నట్టు అవుతుందనుకుందో ఏమో. ఇంటికి చుట్టాలొస్తే ముఖం చూసి ఎక్కడ ఏమడుగుతారోనని వాళ్ళకు కాఫీ ఇచ్చి వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయేది. మా ఇంట్లో ఆ రోజునుంచి అన్న పేరు ఎవరి నోటా రాలేదు.

మర్నాడు ప్రార్థన తర్వాత నాయన మళ్ళీ మౌనం అన్నాడు. ఆ తర్వాత రోజూ అన్నాడు. యుద్ధం ఆగిపోయింది, పేపర్లలో వేరే సంగతులు వస్తున్నాయి, మిగతా స్కూళ్ళలో పిల్లలు ప్రార్థన చేసుకుని తరగతుల్లోకి పోతున్నారు. మేం మాత్రం నిలబడే ఉన్నాం. నాయన కళ్ళు మూసుకుని, తల వంచుకుని, చేతులు వెనక కట్టుకుని నిలబడేవాడు. తల ఎత్తాక డ్రిల్లు మాస్టరు విజిల్ ఊదాలి. ఆ తల ఎత్తడం రోజురోజుకూ ఆలస్యమవుతూ వచ్చింది. మొదట్లో జెండా కొయ్య నీడ మా వరసకు దూరంగా ఉండేది. పోనుపోను ఆ నీడ జరిగి జరిగి వచ్చి నా కాళ్ళ మీద పడి దాటిపోయేదాకా నిలబడేవాళ్ళం. దగ్గు వస్తే మింగుకోవాలి. ఈగ వాలినా తోలుకోకూడదు. పిల్లలు కళ్ళు తిరిగి పడితే పక్కవాళ్ళు మెల్లగా పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళు, అదీ చప్పుడు కాకుండా.

మిగతా పిల్లలకు కాళ్ళు నొప్పులే. నాకు ఇంకోటి కూడా. అంతమంది నిలబడింది మా అన్న కోసమని అందరికీ తెలుసు. బెంచీలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు పాదాలు పిసుక్కుంటూ, "మీ అన్నకోసరమని మేమంతా ఎన్నాళ్ళు నిలబడల్ల?" అని అడిగింది. కోపంగా కాదు, నాకు తెలిసుంటుందని అడిగింది. నేనేం చెప్పాలి? రేపటి నుంచి ఉండదని చెప్పడానికి నేనెవరిని? అన్న కోసం కాదని చెప్పడానికి నోరెట్లా వస్తుంది? ఆ పిల్ల మెల్లగా వేరే బెంచీకి మారింది. పొద్దున మౌనంలో నిలబడినప్పుడు నేను అన్నను తలుచుకోవడానికి ప్రయత్నించేదాన్ని. అన్న గుర్తొచ్చేవాడు కాదు. ఎప్పుడు విజిల్ ఊదుతారా అన్నదొక్కటే మనసులో ఉండేది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒక సాయంత్రం డ్రిల్లు మాస్టరు నన్ను వరండాలో ఆపాడు. మంచి మనిషి, నెమ్మదస్తుడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మేం చెప్తే బాగుండదు. ఆయన బాధ మాకు తెలుసు. నువ్వన్నా ఇంట్లో మీ నాయనకు ఒక మాట చెప్పు. పిల్లోళ్ళు సొమ్మసిల్లి పడిపోతాండారు."

ఆ రాత్రి అన్నం దగ్గర ధైర్యం చేశాను. "నాయనా, ప్రార్థనప్పుడు..." అన్నాను. అంతే. అమ్మ తలెత్తి నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ళలోనే ఉంది. వద్దు అని వేడుకునే చూపు. నాయన ముద్ద సగంలో వదిలి, పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

"తిననీక పోతివే పాపా" అంది అమ్మ, నాకు మాత్రమే వినబడేటట్టు.

ఎండాకాలం వచ్చింది. ఒంటిపూట బడులు పెట్టారు. పొద్దునే ఎండ చుర్రుమనేది. ఒకరోజు మౌనం ఎంతకీ తెగలేదు. నా ముందు వరసలో ఆరో తరగతి పిల్ల ఒకతె, చిన్నది, రెండు జడలు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతోంది. పరికిణీని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నాకు అర్థమైంది. పక్కనున్న టీచరమ్మకూ అర్థమైందనుకుంటాను. అయినా ఎవరం కదల్లేదు. కాసేపటికి ఆ పిల్ల కాళ్ళ కింద మట్టి తడిసింది. పిల్ల తల పైకెత్తలేదు. చప్పుడు కాకుండా ఏడుస్తోంది. చప్పుడు చేయకూడదని ఆ పిల్లకు ఎంత బాగా నేర్పామో అప్పుడు చూశాను.

నేను వరసలోంచి బయటికొచ్చాను. కావాలని అనుకుని చేసింది కాదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నీళ్ళ తొట్టి వైపు నడిచాను. అంత నిశ్శబ్దంలో మా నాలుగు కాళ్ళ చప్పుడు ఊరంతా వినబడుతుందేమో అనిపించింది. వెనకనుంచి నాయన గొంతు వచ్చింది.

"యాడికి పోతాండావు?"

సార్ అనాల్సింది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పాప తడుపుకున్నాది నాయనా. కడిగిచ్చుకొని వస్తా."

ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్ను చూశాడు. పిల్లను చూశాడు. తడిసిన మట్టిని చూశాడు.  డ్రిల్లు మాస్టరు ఆయన సైగ కోసం చూడకుండానే విజిల్ ఊదాడు. నాయన తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు పాఠాలు జరిగాయి. ఆయన మాత్రం చివరి గంట కొట్టేదాకా బయటికి రాలేదు.

మర్నాటి నుంచి స్కూల్లో మౌనం లేదు. ప్రార్థన అవగానే పిల్లలు గోలగోలగా తరగతుల్లోకి పోయారు. నా బెంచీ పక్క పిల్ల తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. నేను మాత్రం ఏమీ గెలవలేదు. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. కోపం చూపించలేదు, కొట్టలేదు. నేనున్న వైపు చూడడు, అంతే. నీళ్ళు కావాలంటే అమ్మను అడిగేవాడు, బిందె పక్కన నేనే నిలబడి ఉన్నా. స్కూల్లో మౌనం నిజంగా పోలేదు. అది గోడలోని తలుపు దాటి ఇంట్లోకి వచ్చేసింది, ఇక్కడ విజిల్ ఊదేవాళ్ళు లేరు.

ఆ వేసవిలో చైనావాళ్ళు పట్టుకున్న మనవాళ్ళను వదిలిపెడుతున్నారని తెలిసింది. నాయన సాయంత్రమైతే రేడియో ఉన్న చోటికి పోయి కూర్చునేవాడు. వచ్చినవాళ్ళలో అన్న లేడు. తర్వాత ఎప్పుడో, ఇక లేనట్టుగానే భావించాల్సి ఉంటుందని పట్టాళంవాళ్ళు రాశారు. ఊర్నుంచి పెద్దవాళ్ళొచ్చి, కర్మ చేయించమని చెప్పి చూశారు. నాయన కుదరదన్నాడు. అమ్మ ఎటూ చెప్పలేదు. ఆ తర్వాత నాయనకు ధర్మవరం హైస్కూలుకు బదిలీ అయింది, నేనూ అందులోనే చేరాను. సామాను రైల్లో వేసుకుని పోయాం. అక్కడ ఇల్లు స్కూలుకు దూరం. వీధిలో ఎటు పోయినా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉండేది. మాటలు లేని ఇంటికి అదొక అండ. అవసరానికి నాయన నాతో ఒకటీ రెండు మాటలనే స్థితికి వచ్చాడు. పుస్తకాలు తెచ్చుకున్నావా, దీపం చిన్నది చెయ్యి, ఇట్లాంటివి.

నేను పదకొండో తరగతిలో ఉండగా ప్రధానమంత్రి పరాయి దేశంలో హఠాత్తుగా పోయాడు. ఒప్పందం మీద సంతకం చేసిన రాత్రే పోయాడట. పొద్దున స్కూలుకు పోయేసరికి అందరికీ తెలిసింది. జెండా సగానికి దించారు. రెండు నిమిషాలు మౌనం పాటించి ఇళ్ళకు పంపాలి. నేను జెండా కొయ్య నీడ ఎక్కడుందో చూసుకున్నాను. చదువుకునే ఆడపిల్లలం కొద్దిమందిమి, చివరి వరసలో ఉన్నాం. నాయన మెట్లెక్కి ప్రధానమంత్రి గురించి రెండు ముక్కలు చెప్పాడు. చెప్పి, గడియారం తీసి పక్కనున్న లెక్కల మాస్టరు చేతికిచ్చాడు.

"మీరు చూడండి సార్. టైము కాగానే చెప్పేయండి" అన్నాడు.

మెట్లు దిగాడు. పిల్లల వరసల పక్కగా నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. విజిల్ మోగింది. అందరూ తలలు వంచారు. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన చొక్కా నుంచి నశ్యం వాసన వచ్చింది. అంత దగ్గరగా ఆయన నిలబడి ఎన్నేళ్ళయిందో. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు, పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా, ఆయన మాట్లాడాడు.

"వానికి చలి పడదు పాపా. చిన్నప్పట్నుంచీ పడదు."

ఎవరికని నేను అడగక్కర్లేదు. గొంతులోకి ఎన్ని మాటలొచ్చాయో. అన్న దుప్పటి మొత్తం లాక్కుని నన్ను వణికించిన రోజులు చెప్పాలనుకున్నాను. నాయనా అని ఒక్కసారి పిలవాలనుకున్నాను. నోరు తెరవడానికి లేదు. స్కూలంతా నిలబడి ఉంది. నేను పెదవులు బిగించుకుని నిలబడ్డాను. విజిల్ మోగి కళ్ళు తెరిచేసరికి ఆయన అప్పుడే మెట్ల వైపు పోతున్నాడు. టీచర్లకు ఏదో చెబుతూ, రేపటి సెలవు గురించి, మామూలు గొంతుతో.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. ఆమె రోట్లో చట్నీ నూరుతోంది. "అట్లన్నాడా?" అని అడిగింది. రెండోసారి చెప్పించుకుంది. తర్వాత నూరడం ఆపి, చేతులు కడుక్కోకుండానే మాట్లాడటం మొదలుపెట్టింది. అన్న పుట్టినప్పుడు ఊళ్ళో ఎంత మంచు కురిసిందో, గొంగట్లో చుట్టి పొయ్యి పక్కన ఎట్లా పడుకోబెట్టుకునేదో, పెద్దయ్యాక కూడా చలికాలం స్నానానికి ఎన్ని సాకులు చెప్పేవాడో. ఇన్నేళ్ళుగా ఆమెలో అంత మాట ఉందని నాకు తెలియదు. చెబుతూ చెబుతూ నవ్వింది కూడా.

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. అమ్మ టక్కున ఆగి, పొత్రం అందుకుంది. నాయన కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను లేచి మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన పక్కన పెట్టాను.