నెత్తళ్ల సుభాషిణికి వాసన తెలీదంట

సుభాషిణికి ముక్కులోంచి గొట్టం దించి మెదడులో సగం లాగేశారని, ఇక ఆమెకు మల్లెపూవుకూ మురిగిన చేపకూ తేడా తెలియదని కోట ఊరి సంతలో ఒక మాట పుట్టింది. పుట్టిన మాట ఊరుకుంటుందా? మూడు రోజుల్లో సముద్రపు ఒడ్డు పల్లెలన్నీ చుట్టొచ్చింది.

ఎండుచేపల బేరంలో ముక్కే పెట్టుబడి. కుప్ప పైన ఎప్పుడూ మంచి సరుకే ఉంటుంది. సుభాషిణి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు నెత్తళ్లు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. ఉప్పు సరిగా పట్టిందా, వానకు తడిశాక మళ్లీ ఎండబెట్టారా, ఒక్క పీల్పుతో చెప్పేసేది. ఇరవై ఏళ్లుగా అలాగే కొని సంతలో అమ్మింది.

నిరుడు బేరం తప్పడం మొదలైంది. ఒడ్డున మంచిదని తెచ్చిన సరుకునే, బూజు పట్టిందంటూ జనం తిరిగి తెచ్చి ఇచ్చేవారు. తన ముక్కే మొద్దుబారిందనుకుని సుభాషిణి రోజూ పసుపు వేసి ఆవిరి పట్టింది. అదే ఏడు ఆమె దారిలో సైకిళ్లకు తగులుకునేది. పక్కనుంచి పలకరించినా చూడకుండా పోయేది. కళ్లు నెత్తికెక్కాయన్నారు.

కోటలో కంటి శిబిరం పెడితే, అద్దాలు మార్చుకుందామని వెళ్లింది. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, "నా ముక్కే చూడమ్మా. పక్కన నా వేళ్లు ఆడుతున్నాయా?" అంది.

"యాడుండాయి మేడం వేళ్లు?" అంది సుభాషిణి.

డాక్టరమ్మ నవ్వలేదు. స్కానింగుకు నెల్లూరు పంపింది. మెదడు అడుగున, కంటి నరాల కింద, చిన్న ఉసిరికాయంత గడ్డ. క్యాన్సరు కాదు గానీ, అది నరాలను నొక్కుతున్నందువల్ల రెండు పక్కల చూపూ పోయింది. వదిలేస్తే మిగతా చూపూ పోతుంది.

"తల కొయ్యం. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి తీసేస్తాం," అన్నాడు పెద్ద డాక్టరు.

"ముక్కులోంచా?" సుభాషిణి చెయ్యి ముక్కు మీదికి పోయింది. "వాసన పోతాదా సార్?"

"కొన్నాళ్లు తగ్గుతుంది. చాలామందికి మళ్లీ వస్తుంది. అందరికీ వస్తుందని మాత్రం మాటివ్వలేను."

ఆమె ఇంటికొచ్చేసి పది రోజులు ఆపరేషన్ సంగతి తేల్చలేదు. వాసన లేకపోతే తను కుప్ప ముందు కూర్చుని ఏం చెయ్యాలి? చివరికి మొగుడు మధుబాబే కదిపాడు.

"చూపు పోతే కుప్ప దాకా ఎట్ట పోతావు మే? ముందు కుప్ప కనపడాల గదా!"

ఆపరేషన్ అయింది. చీదకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదన్నారు. రెండు నెలలు ఇంటిపట్టునే ఉంది. సంతలో తన పక్కన కూర్చుని అమ్మే రెబెక్కమ్మ చూడ్డానికొస్తే, కాఫీ ఇస్తూ, "నాకు దీని వాసనే తెలవడం లేదక్కా," అంది. ఆ ముక్క రెబెక్కమ్మతో సంతకు వెళ్లి, పైన చెప్పిన మాటయింది.

మూడో నెలలో సుభాషిణి ఒడ్డుకొచ్చింది. ఎప్పుడూ సరుకిచ్చే వినోద్ ఎదురొచ్చాడు.

"రాక్కా, రా! నీకింక వాసన చూసే పనే లేదు. నా మాటే వాసన అనుకో."

"నీ మాట వాసన నాకెప్పుడో తెలుసులే," అంది సుభాషిణి.

అడుగునుంచి గుప్పెడు తీసి ముక్కుకు పెట్టుకుంది. ఎక్కడో దూరాన ఉన్నట్టు, లీలగా ఏదో తెలిసింది. అది చాలదు. చేతిలో చేప విరిచి చూసింది. పుటుక్కున విరిగింది, బాగా ఎండిన సరుకే. బేరం కుదిరింది. వినోద్ ఎదుట నిలబడి తుపాను కబుర్లు ఎత్తుకున్నాడు. ఎడమ పక్కన అతని బావమరిది కుప్పలోంచి గోతంలోకి సరుకు తోడుతూ, మధ్యలో తన వెనకున్న గంప ఎత్తాడు.

సుభాషిణి వినోద్ మొహం మీదినుంచి చూపు తిప్పలేదు.

"నీ బామ్మర్దిని ఆ గంప కింద పెట్టమను అబ్బయ్యా. అది ఈ కుప్పలోది కాదు."

వినోద్ గంప వైపు చూశాడు. "వాసనొచ్చేసిందా అక్కా?"

"రాలా. నాకు పక్క చూపు లేదని నిరుడంతా ఇట్టనే పోసినావా?"

వినోద్ గంపను కాలితో పక్కకు నెట్టాడు. బావమరిది గోతం బోర్లించి, కుప్పలోంచి మళ్లీ తోడడం మొదలుపెట్టాడు.

వాసన సంగతిలో సంత మాట చాలావరకు నిజమే. వాసన ఇంకా పావు వంతే తిరిగొచ్చింది. సుభాషిణి ఆపరేషన్ చేయించుకున్నది చూపు కోసం. ఇప్పుడు ఆమెకు రెండు పక్కలా కనిపిస్తోంది.