ముందు గదిలో కార్ల రోడ్డు

మా ఆయనది మేడ్చల్‌లో మోటారు వైండింగ్ దుకాణం. బోర్లలో కాలిపోయిన మోటార్లను విప్పి, కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవాడు. రింగు రోడ్డు వస్తుందన్న మాట అప్పుడప్పుడే మొదలైంది. ఆ రోజుల్లో ఒకసారి షామీర్‌పేట దగ్గర ఒక ఫామ్‌హౌస్‌కు నీళ్ల మోటారు బాగుచేయడానికి వెళ్లి, పొద్దుగూకాక తిరిగొచ్చాడు. పని తొందరగానే అయిందట. మిగతా సమయమంతా ఆ ఇంట్లో చెక్కబల్ల మీద పరుగెత్తే చిన్న కార్లను చూస్తూ నిలబడిపోయాడట.

బల్లలో గాడి ఉంటుంది. కారు ముక్కు కింద ఉన్న పుల్ల ఆ గాడిలో కూర్చుంటుంది. గాడికి రెండు పక్కలా ఉన్న రాగి నుంచి కరెంటు అందుకుని కారు ఉరుకుతుంది. చేతిలోని మీట నొక్కినకొద్దీ వేగం పెరుగుతుంది. మరీ నొక్కితే మలుపులో ఎగిరి పడుతుంది.

"నా దగ్గర రాగి లేదా ఏంది? నేను జేస్త" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"ఎవల కోసం?" అన్నాను. మా బిడ్డ పెళ్లయి వెళ్లిపోయింది. మనుమలు ఇంకా లేరు.

"నా కోసమే."

అంత చిన్నగా, అంత సిగ్గుగా ఆయన ఏదీ అడగడం నేను వినలేదు.

మాది అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. మాకొక పడక గది, బావ వాళ్లకొకటి, రోడ్డు మీదికి తెరుచుకునే ముందు గది మాత్రం ఇద్దరిదీ. బావ అప్పుడే ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. ఆ గదిలో ఆఫీసు పెట్టాలని ఆయన ఆలోచన. మా ఆయన బల్ల వేసుకుంటానని ఆ గదే అడిగాడు. "దసర దాంక ఆడుకో తమ్మీ. దసరకు నా టేబుల్ పడ్తది" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు గానీ, బల్ల మొత్తం తయారై కార్లు తిరిగితే దాన్ని తీసేయడానికి అన్నకు చేతులు రావని లోపల ఆశ పెట్టుకున్నాడు.

అందుకే అంత శ్రద్ధగా చేశాడు. మేకుకు దారం కట్టి తిప్పి మలుపులు గీశాడు. రెండు కార్లు పోటీ పడేలా రెండు గాడులు పెట్టి, రెండింటి పొడవూ సమానంగా రావాలని రోడ్డును ఎనిమిది అంకెలా మలిచాడు. గాడులు ఒకదాన్నొకటి దాటే చోట రాగికి కాస్త ఎడం వదిలాడు, కారు ఊపు మీద దాటిపోయేది. వైండింగ్ తీగకు వార్నిష్ ఉంటుంది, అది పోతే గానీ కరెంటు అందదు. ఆ గీకుడు పని నాది. సాండ్‌పేపర్‌తో రుద్ది రుద్ది నా వేళ్లు ఎర్రబడేవి. పాత టేప్‌రికార్డర్ల మోటార్లు బొమ్మ కార్ల కడుపులో దూర్చాడు.

చివరికి రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి గడ్డిలా చల్లాడు. అగ్గిపెట్టెలతో ఇళ్లు కట్టాడు. "రోడ్డన్నంక బోర్డులుండాలె. నువ్వు రాయి" అన్నాడు.

నాకు అక్షరాలు వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. దిద్దడం రాత్రి బడిలో నేర్చుకున్నాను గానీ, చదవడం మాత్రం బస్సు కిటికీలోంచి నేర్చుకున్నాను. మేడ్చల్ రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులే. అంత పెద్ద అక్షరాలు పుస్తకాల్లో ఉండవు. అందుకని అట్టముక్కల మీద నాకు వచ్చిన మాటలే రాశాను. నలభై ఫీట్ల రోడ్డు. పార్కు. తూర్పు ముఖం. మెయిన్ రోడ్డుకు ఆనుకుని.

ఆ రోడ్డు వెడల్పు నా జానెడు కూడా లేదు. ఆయన చదివి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే ఒక్కటి కూడా వదలకుండా అన్నీ అతికించాడు.

మరునాటి నుంచి దారిన పోయేవాళ్లు గుమ్మంలో ఆగడం మొదలుపెట్టారు. షామీర్‌పేటలో మామిడిపండ్ల వ్యాపారం చేసే చాచా చెప్పులు విడిచి లోపలికే వచ్చాడు.

"బిడ్డా, గీ మూల మీద ప్లాటు ఎవలన్న తీసుకున్నరా?"

"అది ప్లాటు కాదు చాచా, మలుపు. కార్లన్నీ ఆడనే పడిపోతయి."

"అరె, కార్లు పడే జాగనా? గట్లయితే రేటు తగ్గియ్యాలె గద!"

నేనెంత చెప్పినా ఆయన నమ్మలేదు. ఆ వారమంతా వచ్చినవాళ్లందరిదీ అదే వరస. సంగతి బావకు తెలిసింది. ఒక సాయంత్రం వచ్చి బల్ల చుట్టూ తిరిగి చూశాడు.

"మస్తు జేసినవ్ తమ్మీ. దీన్ని ఈడనే ఉంచు. నా టేబుల్ గోడకేసుకుంట" అన్నాడు.

మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒక్కటే. గా గాడులల్ల లప్పం పెట్టి మూసెయ్యి. మీద ప్లాట్ల గీతలు గీసి, మన వెంచర్ పేరు రాద్దాం."

"మరి కార్లు?"

"ఉంటయ్ తియ్యి. గమ్ పెట్టి అతికిద్దాం. ఇంటి ముందల కారుంటే కొనేటోనికి మంచిగ కొడ్తది."

మా మామ పోయాక తమ్ముణ్ని పెంచింది బావే. అన్న మాటకు మా ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. అప్పుడూ తల వంచుకుని నిలబడ్డాడు. కరెంటు లేని మీటను మాత్రం బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు. ఆ వేలు చూసి నేనుండలేకపోయాను.

"లప్పం వద్దు బావా. బల్ల మా గదిలకు పోతది" అన్నాను.

"మీ గదిల మంచమే పట్టదు. గిదేడ పడ్తది?"

"మంచం మీరే తీసుకోండ్రి. ప్లాట్ల కోసం వచ్చినోళ్లు కూసుంటరు."

"మరి మీరేడ పండుతరమ్మా?"

"దాని కిందనే."

బావ నా ముఖం చూశాడు, తమ్ముడి ముఖం చూశాడు. "ఇద్దరికీ పిచ్చి లేసింది" అన్నాడు. అని, బల్లకు ఒక పక్క తానే పట్టాడు.

అది గుమ్మంలో పట్టలేదు. తలుపు రెక్క ఊడదీయాల్సి వచ్చింది. లోపల పెట్టాక కూడా ఒక కొస బయటికే మిగిలింది, తలుపు మళ్లీ బిగించే వీల్లేదు. నా పాత చీర ఒకటి తెరలా కట్టాను. బల్లకు పొడుగు కాళ్లు కొట్టి, కింద చాప పరుచుకున్నాం. మొదట్లో లేస్తూ ఇద్దరం తలలు కొట్టుకున్నాం, తర్వాత అలవాటైంది.

దసరాకు బావ ఆఫీసు తెరిచాడు. సాయంత్రం ప్లాట్ల వాళ్లు మంచం మీద కూర్చుని మాట్లాడుతుంటే, తెర వెనక నుంచి కార్ల మోత వినపడేది. అదేమిటని అడిగితే చెప్పడానికి బావకు నామోషీ. "మా మరదలు మిషన్ కుడుతాంది" అనేవాడు.

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. ఒకరోజు ప్లాటు చూడటానికి భర్తతో వచ్చిన ఒకామె ఆ మాట నమ్మి, జాకెట్ గుడ్డ పట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. చీర పక్కకు జరిపి, బల్లనూ కార్లనూ మమ్మల్నీ చూసి అక్కడే ఆగిపోయింది.

"కుడ్తరంటే వచ్చిన" అంది.

గుడ్డ అందుకుని పక్కన పెట్టి, రెండో మీట ఆమె చేతికిచ్చాను.