టోపీ లేని పెన్ను

నా చిన్నప్పుడు చేతికి ఏది చిక్కినా రెండు ముక్కలయ్యేది. అందుకే మా అమ్మ నాకు ఇత్తడి గ్లాసు తప్ప ఇంకేదీ అందనిచ్చేది కాదు. అలాంటి నన్ను, రెజిమెంటల్ బజార్‌లో మా పక్కింటి చాచా తన లేత్ ముందు కూర్చోబెట్టాడు. ఆడపిల్లకు లేత్ ఏమిటని వీధి నవ్వింది. నా చేతుల సంగతి తెలిసిన మా ఇల్లు ఇంకా ఎక్కువ నవ్వింది.

చాచా ఫౌంటెన్ పెన్నులు చేసేవాడు. ఎబొనైట్ అనే నల్లటి గట్టి రబ్బరు కడ్డీని కాలితో తొక్కే చిన్న లేత్‌కు బిగించి, తిరుగుతున్న కడ్డీకి ఉలి ఆనించి చెక్కేవాడు. ఉలి కింద నల్లటి చుట్టలు రాలేవి, దుకాణమంతా గంధకం వాసన వేసేది. భార్య ఎప్పుడో పోయింది. ఉన్న ఒక్క కొడుకును నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆ అన్న పెన్నుల పెట్టె పట్టుకొని బీదర్ వైపు అమ్మకానికి వెళ్లాడు. ఇంతలో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య వచ్చింది. మా వీధిలో కొన్ని ఇళ్ల మీద జెండాలు ఎగిరాయి, కొన్ని ఇళ్ల తలుపులు మూసుకున్నాయి. కొన్నాళ్లకు తలుపులూ తెరుచుకున్నాయి, రైళ్లూ తిరిగాయి. అన్న మాత్రం రాలేదు.

బడి ఇంకా తెరవలేదు. "చాచా ఒంటిగ కూసుంటుండు, పోయి జెర తోడుండు. ఏం ముట్టకు," అని అమ్మ పంపింది. వెళ్లగానే చాచాయే ముట్టమన్నాడు.

అన్న వెళ్లేముందు ఒక పెన్ను మొదలుపెట్టాడు. దాని ఒళ్లు చెక్కి, మూత ఎక్కే మరలు కూడా కోశాడు. మూత ఒక్కటే మిగిలింది. చాచా దాన్ని టోపీ అనేవాడు. "వచ్చినంక చేస్త అబ్బా," అని తండ్రికి చెప్పి అన్న రైలెక్కాడట. ఆ టోపీ చేసే పని చాచా నాకు అప్పజెప్పాడు.

లేత్ ముందు నా చేతులు మరీ లేత. మరలు కోయడం నేర్చుకునేలోపే మరవడం బాగా నేర్చుకున్నాను. మొదటి టోపీ పగిలింది. తర్వాతది ఒక పక్క కాగితమంత పలచనై చిల్లు పడింది. ఇంకొకటి ఎంత వదులుగా వచ్చిందంటే, పెన్నుకు గోనెసంచి తొడిగినట్టుంది.

"చెయ్యి జెర ఢీలా వదులు బిడ్డా. ఉలిని కొట్లాటకు తోలకు," అనేవాడు చాచా. విరిగిన ముక్కను చూసి ఒక్కసారీ కసురుకోలేదు. "పరేషాన్ గాకు, మల్ల షురూ చేద్దాం," అనేవాడు, ఏదో మంచి కబురు విన్నట్టు. ఎవరైనా గిరాకీ వచ్చి ఆ పెన్ను కావాలంటే, "టోపీ అయితంది సాబ్," అని పక్కన పెట్టేవాడు.

మొహం నిండా నల్లపొడితో ఇంటికొస్తే అమ్మ పకపకా నవ్వేది. "ఏందే, చాచా నీకు టోపీ చేసుడు నేర్పుతుండా, టోపీ పెడుతుండా? గన్ని కడ్డీలు నీ చేతిల పోసి ఎందుకు ఖరాబు చేయిస్తుండు?" ఆ సందేహం నాకు రావలసింది. రాలేదు.

ఒక మధ్యాహ్నం టోపీ కుదిరింది. ఎలా కుదిరిందో నాకే తెలియదు. పెన్ను మీద పెట్టి తిప్పితే మెత్తగా తిరిగి అంచు దగ్గర ఆగింది. వెంట్రుక దూరే సందు కూడా లేదు. "చాచా, అయింది!" అని కేకేశాను.

ఆయన పెన్ను అందుకొని ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. మా తాతయ్య పోయిన రోజు మా నాన్న అలా చూడటం నాకు గుర్తుంది. తర్వాత టోపీ విప్పి మళ్లీ లేత్‌కు బిగించాడు. "లోపట జెర గరుకున్నది బిడ్డా, సాఫ్ చేస్త," అన్నాడు. ఎన్నడూ వణకని ఆ చెయ్యి అప్పుడూ వణకలేదు. లోపలి మరలన్నీ పొడిపొడిగా నేలమీద రాలాయి.

"అరే, నాతోనే గలత్ అయింది," అన్నాడు నా వైపు చూడకుండా. "ఏం గాదు. రేపు మల్ల జేద్దాం."

ఏడవబోయి ఆగిపోయాను. టోపీ కుదిరితే ఆ పెన్ను పూర్తయినట్టే. పూర్తయితే, అన్న వచ్చి చేయవలసిన పని ఆ ఇంట్లో ఇంకేదీ ఉండదు. చాచా ఏరికోరి నా పనికిమాలిన చేతులనే ఎందుకు నమ్ముకున్నాడో అప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి కావాలనే చెడగొట్టాను. చెడగొట్టడానికీ పనితనం కావాలి, చూసేవాళ్లకు సహజంగా ఉండాలి. "మల్ల పగిలింది చాచా," అనేదాన్ని. "పగలనీ బిడ్డా," అనేవాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు. బీదర్ నుంచి ఏ కబురూ రాలేదు. బడి తెరిచాక కూడా, చాచా పోయేదాకా నా సాయంత్రాలు అక్కడే గడిచాయి.

ఆ పెన్ను ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మరలు కోయడం నాకు ఇప్పుడు బాగానే వచ్చు. మా మనవరాలు అప్పుడప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని మూత ఏది అమ్మమ్మా?" అని అడుగుతుంది.

"అయితంది బిడ్డా," అంటాను.