బుడబుంగ పిల్ల కాలి దారం

వేడియప్పన్ కెమెరాతో గట్టెక్కితే వెల్లిచందై చెరువులోని పక్షులన్నీ వరుసగా నిలబడి ఈకలు దువ్వుకునేవి. నా మనవళ్లు దీన్ని నమ్మారు. పెద్దవాళ్లు నమ్మరు కనుక కొంచెం తగ్గిస్తాను. పక్షులన్నీ కాదు, ఒక్క పిల్ల. అదీ ఒక్కసారే. ఈకలు దువ్వుకోవడం నేను కలిపింది. కదలకుండా నిలబడటం మాత్రం నిజం.

వేడియప్పన్‌ది వెల్లిచందైలో చిన్న ఫోటో స్టూడియో. తీర్థమలైలో గుండు చేయించుకొని వచ్చే పసిపిల్లలే అతనికి ముఖ్యమైన గిరాకీ. కుదురుగా కూర్చోని పిల్లను తువ్వాలుతో కుర్చీకి కట్టి, పైన గౌను సర్దేవాడు. పెళ్లికూతురి ముఖం మీది అమ్మవారి మచ్చల్ని నెగటివ్ మీద పెన్సిలుతో మాయం చేసేవాడు. అందుకు ఆడపిల్లల తల్లులు అతనికి దండం పెట్టేవారు.

1984లో సేలంలో ఫోటోల పోటీ పెట్టారు. నీటిపక్షుల పిల్లల్ని చెరువులోనే, ఎండ వెలుతురులో, చేత్తో తాకకుండా తీయాలి. దీపాల కింద బతికేవాడికి ఎండలో ఏం చేతనవుతుందని తోటి స్టూడియోలవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అతన్ని మూడు పొద్దులు మోకాలిలోతు నీళ్లలో నిలబెట్టింది. అతను ఎంచుకున్నది నీళ్లలో బుడుంగున మునిగే చిన్న పిట్టను, తల్లి బుడబుంగను. దాని వీపు మీద చారల పిల్లలు ఐదు. కెమెరా ఎత్తితే చాలు, తల్లి పిల్లలతో సహా మునిగిపోయేది. పదకొండు బొమ్మల్లో ఉత్త నీళ్లే పడ్డాయి. ఫిల్ములో ఇక ఒక్కటే మిగిలింది.

తర్వాతి సంగతి నాకు, ఆ పొద్దు అతని వెంట చెరువుకు వెళ్లిన భార్య సౌభాగ్యం చెప్పింది. జమ్ములో చిక్కుకున్న పిల్లనొకదాన్ని విడిపించి, ఆమె నీళ్లలో వదలబోయింది.

"ఉండు మే," అన్నాడు వేడియప్పన్. "నీ కాడ నల్లదారం ఉండాదా?"

"ఎందుకు మామా?"

"కాలికి కడతాను. ఒక్క నిమిషమే."

"పాపం, పక్షిబిడ్డ!"

"మనుషుల బిడ్డల్నే కట్టేస్తా ఉండాము గదా!"

దారం రెండో కొస జమ్ము మొదలుకు కట్టాడు. గట్టు దాటిన ఎండ పిల్ల మెడ మీది చారల్ని ఒక్కొక్కటిగా వెలిగించింది. మీట నొక్కాడు. విప్పుదామని చెయ్యి చాచేసరికి పిల్ల గింజుకుంది, దారం తెగింది. జానెడు దారం కాలికి వేలాడుతుండగానే మునిగింది. అది నీటి అడుగున నాచుకు చుట్టుకుంటే పిల్ల ఇక పైకి రాదు. వెతుకుదామంది సౌభాగ్యం. ఫిల్ము కడగాలని అతను సైకిలెక్కాడు.

మర్నాడు కెమెరా లేకుండా పోయి లెక్కపెట్టాడు. నాలుగు. సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చుని లెక్కపెట్టాడు. నాలుగే. అయినా నెగటివ్ మీద దారాన్ని పెన్సిలుతో చెరిపి, ఫోటో పంపాడు.

మొదటి బహుమతి వచ్చింది. సేలంకు నేనూ వెళ్లాను. ఎన్నాళ్లు కాచుకున్నావయ్యా అని మైకులో పెద్దమనిషి అడిగితే, "ఇరవై దినాలు," అన్నాడు. హాలంతా చప్పట్లు. కాన్వెంటులో సిస్టర్లు నన్ను అబద్ధానికొకసారి గోడవైపు తిప్పి నిలబెట్టేవారు. ఆ రోజు వేదిక మీద అతను గోడ కోసమే వెతుక్కుంటున్నట్టున్నాడు. ముందు వరుసలో ఉన్న సౌభాగ్యం వైపు ఒక్కసారైనా చూడలేదు.

తిరుగు బస్సులో ఆమె అడిగింది.

"ఇరవై దినాలు యాడ కాచుకోనుంటివి మామా?"

"నోటికొచ్చేసింది."

"సరే. నన్నేమీ అడగొద్దు. ఆ బిడ్డ కాడికి పోయి చెప్పు."

తర్వాత అతను పసిపిల్లల్ని కుర్చీకి కట్టడం మానేశాడు. ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చి, నవ్వేదాకా ఆగేవాడు. ఫోటోలో తల కదిలిపోతే గిరాకీలు తిట్టేవారు. తలవంచుకొని పడేవాడు. బహుమతిగా వచ్చిన కప్పు ఎక్కడ దాచాడో సౌభాగ్యానికి కూడా తెలియదు.

అతను చదువుకున్నది అరవంలో, తెలుగు చదవటం రాదు. అందుకే ఇలా రాసిందంతా నేనే చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"ఏం కత అన్నా ఇది? నేను ఆ చెరువు కాడికే పోలేదు. బుడబుంగ ఎట్లుంటాదో కూడా నాకు తెలీదు. సేలంలో ప్రైజు తీసుకున్నోడు వేరే ఎవడో వేడియప్పన్."