ఖాళీగా ఉన్న శుక్రవారం

2023 జూలై, చోడవరంలో మా ఫిజియోథెరపీ గది. ఆ సాయంత్రం అక్కడ ఉన్నవి: ట్రెడ్‌మిల్ ఒకటి, కదలని సైకిల్ ఒకటి, రబ్బరు బ్యాండ్లు నాలుగు, బరువు మెషీన్ ఒకటి. ఉన్నవాళ్లు: నేను, పదిహేనేళ్ల దీవెన, వాళ్లమ్మ. దీవెన అసలు పేరు కాదు.

దీవెన బరువు ఎక్కువ. విశాఖలో సైకాలజిస్టు చెప్పిన సమస్య బింజ్ ఈటింగ్. అంటే ఆపుకోలేక గబగబా చాలా తినేయడం, ఆ తర్వాత సిగ్గుతో ముడుచుకుపోవడం. వ్యాయామం నా వంతు: సోమ, బుధ, శుక్రవారాలు, ఐదు గంటలకు. తిన్నవన్నీ రాసే ఫుడ్ డైరీకి గళ్లు గీసిచ్చింది కూడా నేనే.

అది నాలుగో శుక్రవారం. ఎనిమిదో నిమిషంలో దీవెన కడ్డీ పట్టుకుని ట్రెడ్‌మిల్ దిగిపోయింది.

"నా వల్ల అవదు సార్. ఇంక రాను."

"అవదేటి? ఇంట్లో దాసుకుని తినడం మాత్రం అవుద్దా?" అంది వాళ్లమ్మ.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది. ఇప్పుడు వెళ్తే మళ్లీ రాదని నాకు అర్థమైంది. ఆపడానికి వేరే దారి తోచక, కూర్చోమని చెప్పి డైరీ తెరిచాను.

బింజ్ జరిగినప్పుడల్లా నేను ఎర్ర గుర్తు పెట్టేవాణ్ణి. అవి ఎక్కువగా శుక్రవారం సాయంత్రం, శనివారం ఉన్నాయి. శుక్రవారాల ఉదయం, మధ్యాహ్నం గళ్లు మాత్రం ఖాళీ. వాటిలో నా చేత్తోనే "రాయలేదు" అని రాసుకున్నాను, వారం వారం.

"ఇవెందుకు రాయలేదమ్మా?"

"రాయడానికి ఏటుంది సార్? తినలేదు కదా."

"రెండు పూటలా?"

"అమ్మతో ఉపవాస ప్రార్థనకి వెళ్తన్నాను కదా. సర్చి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చేం."

వాళ్లమ్మ వైపు చూశాను.

"అది తిండి సంగతి కాదు కదా బాబూ, దేవుడి సంగతి. బరువు తగ్గాలని నేనే ఉపవాస ప్రార్థనలో కూకోబెట్టేను. మీకెందుకు సెప్తాం?"

శుక్రవారాల్లో ఈ అమ్మాయికి ఓపిక తగ్గుతోందని గమనించి, అలవాటు పడుతుందిలే అని వేగం పెంచింది నేను. ఖాళీ కడుపు మీద.

సైకాలజిస్టుకు ఫోన్ చేశాను. పూటలు ఎగ్గొడితే బింజ్ ఇంకా పెరుగుతుందని, ముందు వేళకు తినడం, ఆ తర్వాతే వ్యాయామం అని ఆమె చెప్పారు.

"అయితే ప్రార్థన మానిపించేయమంటారా?" వాళ్లమ్మ గొంతు మారింది.

"వద్దండి. ప్రార్థనకి వెళ్లనివ్వండి, తిని వెళ్లనివ్వండి."

పై శుక్రవారం ఆవిడ గదిలోకి వస్తూనే స్టీలు బాక్సు బల్ల మీద పెట్టింది: రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు.

"పాస్టరమ్మనడిగేను బాబూ. ఎదిగే గుంటకి ఉపవాసమేటే అని నన్నే కసిరింది."

దీవెన తినేవరకు ఆగి, ట్రెడ్‌మిల్‌పై కేలరీలు చూపే చోట కాగితం అంటించాను. కరిగించాల్సిన లెక్క కళ్లముందుంటే వ్యాయామం శిక్షలా అవుతుందని కూడా సైకాలజిస్టే చెప్పారు. బ్యాండ్లు లాగడం దీవెనకు నచ్చింది. "ఇది మా నాన్న బస్తా ఎత్తినట్టుంది సార్, ఆయనకీ నేర్పుతాను" అంది.

ఆ తర్వాత నుంచి ఎవరి డైరీలో ఖాళీ గడి కనిపించినా ముందు అడుగుతాను: మరిచిపోయారా, తినలేదా?

దీవెన పదహారు వారాలు వచ్చింది. మొదటి నాలుగు వారాల్లో ఎర్ర గుర్తులు పదకొండు. చివరి నాలుగు వారాల్లో రెండు.