అడుగు గిన్నె

గోదావరిఖనిలో పాత సామాన్ల దుకాణానికి నేను ఇత్తడి గిన్నెల కోసం వెళ్లేదాన్ని. అక్కడ తరచూ కనిపించే ఒక అవ్వ మాత్రం టిఫిన్ క్యారేజీల కోసమే వచ్చేది. మూత మీద చెక్కిన పేరు నాతో చదివించుకునేది. ఎవరి పేరైనా సరే, విప్పి అడుగు గిన్నెలోకి ఒకసారి తొంగిచూసేది.

"కొనేది లేదు గని అన్నీ ఇప్పుతవేంది అవ్వా," అని దుకాణదారు విసుక్కునేవాడు.

ఒకరోజు నేనడిగితే చెప్పింది.

"మా ఆయన బొగ్గుబాయిల పనిజేసేటోడు బిడ్డా. ఎంత ఆకలైనా అడుగు గిన్నెల నాకొక ముద్ద మిగిల్చి తెచ్చేటోడు. ఆయన పోయినంక క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నరు. ఆ ఆగంల సామానంతా అమ్మిన. క్యారేజీ గూడ అండ్లనే పోయింది."

తెలంగాణ వచ్చిన ఏడాది, సొట్టలు పడ్డ ఒక క్యారేజీ మీద ఇంటిపేరుతో సహా ఆయన పేరే చదివాను. "ఇదే," అంది అవ్వ. కొంగుతో దుమ్ము తుడిచింది. గిన్నెలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, అడుగు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అన్నీ ఎప్పటిలాగే బిగించి అరలో పెట్టేసింది.

"తీసుకోవా అవ్వా? నేను కొనిస్తాను," అన్నాను.

"వద్దు బిడ్డా. ఖాళీగనే ఉన్నది."