మొగుని బట్టలు దులిపిన పని

జెర్సీ సిటీ ఆసుపత్రిలో నన్ను చూసే డాక్టరమ్మ తెలుగువాళ్ల పిల్లే, ఇక్కడే పుట్టింది. నన్నూ, యాభై దాటిన నా కూతుర్నీ ఇద్దర్నీ "ఆంటీ" అనే పిలుస్తుంది. నా ఊపిరితిత్తుల పైపొరకు క్యాన్సర్ అని అప్పటికే తేలింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు అడిగింది.

"ఆంటీ, మీరు ఏం వర్క్ చేశారు? ఫ్యాక్టరీ, అలాంటిది?"

నేను నోరు తెరిచేలోపే నా కూతురు అందుకుంది. "లేదు డాక్టర్, అమ్మ హౌస్‌వైఫ్. ఎప్పుడూ వర్క్ చేయలేదు."

డాక్టరమ్మ అదే టైప్ చేసింది. నాకు ఒళ్లు మండింది.

"పని చెయ్యలేదని ఎవరన్నరే? మీ నాయిన బట్టలు నువ్వు ఉతికినవా?"

"అమ్మా, ఇప్పుడదంతా ఎందుకే?"

"ఇప్పుడు గాకపోతే కాష్ఠం మీద చెప్పాల్నా?"

అక్కడ మా ఊళ్లో నా భర్త సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో ఆస్‌బెస్టాస్ పొడి సంచులు కోసి మరలో పోసేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. బట్టలు అలాగే నానబెడితే నీళ్లు జావలా అవుతాయని మా వాడలో ఆడవాళ్లమంతా ముందు వాటిని గోడకేసి కొట్టి దులిపేవాళ్లం. ఎవరి బట్టల్లోంచి ఎక్కువ దుమ్ము లేస్తే వాళ్ల మొగుడు అంత కష్టపడ్డాడని మురిసేవాళ్లం. ఖాళీ సంచులు కుట్టి పిల్లల కింద పరిచేవాళ్లం. నా కూతురు వాటి మీదే పెరిగింది. ఫ్యాక్టరీవాళ్లు చూశారు. వద్దని ఒక్కడూ అనలేదు.

ఇదంతా చెబితే డాక్టరమ్మ చేతులు ఆగాయి. లోపలికి పోయిన దుమ్ము ముప్పై నలభై ఏళ్లకు జబ్బై బయటపడుతుందట. ఇక్కడ ఆ పని చేసిన మగవాళ్ల చావులు తగ్గుతున్నా, ఆడవాళ్లవి అలా తగ్గడం లేదట.

"చాలామంది లేడీస్‌కి ఎలా వచ్చిందో తెలీదు ఆంటీ."

"హౌస్‌వైఫ్ అని రాసి ఊకుంటే ఎట్ల తెలుస్తది బిడ్డా? అది కొట్టెయ్. మొగుని బట్టలు దులిపింది అని రాయి. రాసేదాక ఈ కుర్చీల నుంచి లేవ."

రాసింది. తెర ఇటు తిప్పమన్నాను. ముసలితనంలో లైబ్రరీకి పోయి నేర్చుకున్న అక్షరాలు నావి, కూడబలుక్కుని చదివాను. హస్బెండ్ ఉంది. డస్ట్ ఉంది.

నా కూతురికి ఇంకా కోపమే. "అది రాస్తే నీకు తగ్గుతుందా అమ్మా?"

"నాకు ఎట్లాగూ తగ్గదు. ఆ సంచుల మీద పండుకున్నది నువ్వు. నీ ఛాతీ కూడా చూపియ్యి."

అది తల తిప్పుకుంది. డాక్టరమ్మ కుర్చీ దానివైపు జరుపుకుంది.

"ఆంటీ," అంది. ఈసారి నన్ను కాదు.